పదికి పది మార్కులు

నర్సీపట్నంలో కరెంటాఫీసు గుమస్తా భానోజీరావు, ఎదుటివాడి ముఖం చిన్నబోతుందనుకుంటే ఎంత నిజమైనా గుటుక్కున మింగేసేవాడు.

మంగలి చెవికి కత్తెర తగిలించినా "పర్లేదు, పర్లేదు" అనేవాడు. పెళ్ళి భోజనంలో పులుసు నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్నా, వడ్డించేవాడు "ఎలా ఉందండీ?" అని అడిగితే "బ్రహ్మాండం" అనేవాడు. వాడు ముచ్చటపడి మరో గరిటె పోసేవాడు. అదీ తాగేవాడు. "యథార్థవాది లోకవిరోధి అన్నారు. మనకెందుకే విరోధాలు?" అని భార్య కనకానికి చెప్పేవాడు. "ఉప్పుతో మాత్రం మీకు స్నేహం కాబోలు" అంటూ ఆవిడ చెంబుతో మంచినీళ్ళు అందించేది.

అతనికి ఒక చిన్న ఎర్రకారు ఉండేది. ఇంకా గ్యారంటీ తీరలేదు. ఆ శ్రావణమాసంలో బ్రేకు వేసినప్పుడల్లా కీచుమనడం మొదలుపెట్టింది. మొదట అటక మీద ఎలుక అరిచినట్టు సన్నగా వచ్చేది. వినాయక చవితి వెళ్ళేసరికి బస్టాండు దగ్గర బ్రేకు వేస్తే, ఇడ్లీబండి చుట్టూ నిలబడ్డవాళ్ళు ప్లేట్లు పట్టుకునే వెనక్కి తిరిగి చూసేవారు.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా భానోజీరావుకి భయం వేసేది. అతని కూతురు పల్లవి చింతపల్లి గురుకులంలో ఎనిమిదో తరగతి చదువుతోంది. దసరా సెలవులకి పిల్లని కారులో తీసుకురావాలి. చింతపల్లి నుంచి రావాలంటే లంబసింగి దాటాక ఘాట్‌రోడ్డు దిగాలి. మలుపు మీద మలుపు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. బ్రేకు బాగున్న రోజుల్లోనే ఆ దిగుడులో అతనికి నోరు ఎండిపోయేది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్నా ఆ మలుపులే కళ్ళముందు కదిలేవి.

భయపడ్డాడు గానీ బ్రేకు బాగుచేయించలేదు. స్పీడు బ్రేకర్లు లేని సందులు వెతుక్కుని ఆఫీసుకి వెళ్ళేవాడు. తప్పనిసరై బ్రేకు వెయ్యాల్సి వస్తే కారులో పాటలు పెద్దగా పెట్టేవాడు.

"పాటలు పెద్దవి చేస్తే బ్రేకు బాగవుతుందేటండీ?" అంది కనకం. "దసరా ముంచుకొస్తోంది. షోరూంకి పట్టుకెళ్ళండి. వెళ్ళి గట్టిగా చెప్పండి."

సరేనని అనకాపల్లిలో ఉన్న షోరూం సర్వీసు సెంటరుకి వెళ్ళాడు. మెడకు టై కట్టుకున్న కిరీటి అనే కుర్రాడు ఎదురొచ్చాడు. వచ్చిన బళ్ళ సంగతి కనుక్కుని లోపల మెకానిక్కులకి అప్పగించడం అతని పని. భానోజీరావు చెప్పింది సగం విని, చక్రం ఊచల సందులోంచి సెల్‌ఫోను లైటు వేసి చూశాడు.

"బ్రేకు ప్యాడ్లు మందంగానే ఉన్నాయి సార్. దుమ్ము పట్టుంటుంది. క్లీన్ చేయించేస్తాను. మీరు లోపల కూర్చుని కాఫీ తాగండి సార్."

'బాబూ, ఒకసారి నువ్వే నడిపి చూడు. చక్రం విప్పించి చూడు.' ఈ రెండు ముక్కలూ భానోజీరావు గొంతు దాకా వచ్చాయి. కానీ వెనక ఇంకా కార్లున్నాయి. కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు. పొద్దుట్నుంచీ టిఫినైనా తిన్నాడో లేదో పాపం అనిపించింది. వెళ్ళి అద్దాల గదిలో కూర్చున్నాడు. మెకానిక్కులు పనిచేసే షెడ్డులోకి కస్టమర్లు రాకూడదని తలుపు మీద బోర్డుంది. అద్దంలోంచి కనిపించినంత మేరకు కారుని నురగతో కడగడం ఒక్కటే కనిపించింది.

కారు తళతళలాడుతూ తిరిగొచ్చింది. లోపల అగరొత్తి వాసనొచ్చే సెంటు కూడా కొట్టారు. కిరీటి స్వయంగా తలుపు తీసి, గొంతు తగ్గించి అన్నాడు.

"సార్, రేపు కంపెనీ నుంచి ఫోనొస్తుంది. పదికి ఎన్ని మార్కులిస్తారని అడుగుతారు. పదీ వేసెయ్యండి సార్. తొమ్మిదేసినా మాకు సున్నా కిందే లెక్క. మా మేనేజరు అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు."

"అయ్యో, తప్పకుండా బాబూ" అన్నాడు భానోజీరావు.

చక్రాలు తడిగా ఉన్నంతసేపూ చప్పుడు లేదు. హమ్మయ్య అనుకున్నాడు. తాళ్ళపాలెం దగ్గర గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాడు. కీచుమంది. ఈసారి ఇంకా గట్టిగా అరిచింది.

మర్నాడు భోజనం చేస్తుండగా ఫోను మోగింది. అవతల ఒక అమ్మాయి తియ్యగా అడిగింది. "మీ కారు సమస్య పూర్తిగా తీరిందా అండీ?"

కనకం వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని చూస్తోంది. భానోజీరావుకి కిరీటి ముఖం గుర్తొచ్చింది.

"తీరిందండీ."

"పదికి ఎన్ని మార్కులిస్తారండీ?"

"పది."

"ఇంకేమైనా చెబుతారా అండీ?"

"మీవాళ్ళు చాలా మర్యాదస్తులండీ" అని ఫోను పెట్టేశాడు.

కనకం గరిటె గిన్నెలో పడేసింది. "ఇదేటండీ! వీధిలో కుక్కలు కూడా ఆ చప్పుడికి లేచి పారిపోతున్నాయి. తీరిపోయిందంటారా?"

"పాపం ఆ కుర్రాడి ఉద్యోగం..."

"వాడి ఉద్యోగం గురించి ఆలోచించారు, బాగుంది. ఘాట్‌లో మన పిల్ల గురించి ఎవరాలోచిస్తారు?"

భానోజీరావు అన్నం సగంలోనే వదిలి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కిరీటికి ఫోను చేశాడు.

"సార్! పదేశారు సార్. చాలా థాంక్స్ సార్!" అన్నాడు కిరీటి.

"అది సరే బాబూ, ఆ చప్పుడు ఇంకా..."

"అయ్యో, మీ కంప్లయింటు క్లోజైపోయింది సార్. సమస్య తీరిపోయిందని మీరే చెప్పారు కదా. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే, మరి అలా ఎందుకు చెప్పారని పైవాళ్ళు అడుగుతారు. అయినా చప్పుడొస్తోందంటే బ్రేకు పడుతున్నట్టే కదా సార్! దసరా రద్దీ వెళ్ళాక తీసుకురండి, చూద్దాం. బయట మాత్రం ఎక్కడా విప్పించకండి, గ్యారంటీ పోతుంది."

'నాకు కారు కావలసిందే దసరాకి బాబూ' అనాలి. "అలాగేలే బాబూ" అన్నాడు.

సెలవులిచ్చే రోజు రానే వచ్చింది. "బస్సులో వెళ్ళి తీసుకురండి" అని కనకం బతిమాలింది. పిల్లకి ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ఉన్నాయి, కారులోనే వస్తానని మాటిచ్చాను, నెమ్మదిగా నడుపుతానులే అని బయలుదేరాడు. ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పనిలేదు. చప్పుడూ లేదు. ఉత్తినే భయపడ్డానేమో అని కూడా అనుకున్నాడు. మనసుకి నచ్చిన అబద్ధాన్ని నమ్మడానికి ఎవరికీ పెద్ద చదువక్కర్లేదు.

గురుకులం ఆవరణ తిరణాలలా ఉంది. పల్లవి పరుగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇంతలో వార్డెన్ సుగుణ గారు ఐదో తరగతి చదివే ఒక పిల్లని వెంటబెట్టుకుని వచ్చారు.

"భానోజీరావు గారూ, సమయానికి దేవుడిలా వచ్చారు. ఈ హిమవతిది కూడా మీ ఊరే. వాళ్ళ నాన్న సత్తిబాబు కూరగాయల మార్కెట్లో కొట్టు వదిలి రాలేకపోయాడు. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. మీ పల్లవితో పాటు తీసుకెళ్ళిపోండి. వాళ్ళ నాన్నకి ఫోనులో చెప్పేశాను కూడా."

'బ్రేకు బాగులేదండి.' ఇంతే మాట. కానీ ఆ మాటంటే ఆవిడ ముఖం ఎలా మారుతుందో అనుకున్నాడు. అయితే మీ పిల్లనెలా ఎక్కిస్తున్నారని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. హిమవతి సంచి గుండెకి హత్తుకుని ఆశగా చూస్తోంది.

"దానికేం భాగ్యం! ఎక్కమ్మా" అన్నాడు.

ఇక్కడ అతన్ని రెండు భుజాలూ పట్టుకుని కుదిపెయ్యాలనిపిస్తుంది. కానీ కుదిపేవాళ్ళు ఎవరూ అక్కడ లేరు. పల్లవి ముందు సీట్లో, హిమవతి వెనక సీట్లో కూర్చున్నారు. కారు కదిలింది.

లంబసింగి దాటింది. దిగుడు మొదలైంది. మొదటి మలుపులోనే బ్రేకు కీచుమంది. "ఏంటి నాన్నా ఆ చప్పుడు?" అంది పల్లవి. "వానకి చెమ్మ పట్టుంటుందమ్మా" అన్నాడు. స్టీరింగు మీద అరచేతులు జారిపోతున్నాయి. ఒక చెయ్యి తీసి పంట్లాముకి తుడుచుకుని, వెంటనే మళ్ళీ పట్టుకున్నాడు. రెండోది తుడుచుకోవడానికి ధైర్యం చాలలేదు. రెండో మలుపు, మూడో మలుపు. కీచుమంటూనే ఉంది.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. భానోజీరావు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే అడుగునుంచి గరగరమని వేరే చప్పుడు వచ్చింది. ఇనుముని ఇనుము కోస్తున్న చప్పుడు. అది చెవికే కాదు, అరికాలికి కూడా తెలుస్తోంది.

ఆగిపోవాలి. వెంటనే ఆగిపోవాలి. కానీ రోడ్డు ఇరుకు. వెనక ఒక జీపు హారన్ కొడుతోంది. ఇక్కడ ఆపితే వాళ్ళకి ఇబ్బంది కదా, కాస్త వెడల్పు వచ్చాక ఆపుదాం అనుకున్నాడు. అవునండీ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా అతనికి వెనకవాడి ఇబ్బందే కనిపించింది!

వెడల్పు రాలేదు. మలుపు వచ్చింది. ఆ మలుపులో పైకి ఎక్కుతున్న బస్సు వచ్చింది. భానోజీరావు బ్రేకు తొక్కాడు. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోయింది. కారు ఆగలేదు.

"నాన్నా!" అని పల్లవి కేక పెట్టింది.

అతను గేరు దించాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. స్టీరింగుని కొండ వైపు తిప్పేశాడు. కారు కొండ పక్కనున్న కాలువలో దిగబడి, మట్టిగట్టుని రాసుకుంటూ పోయి ధన్‌మని ఆగింది. బస్సు రాసుకున్నట్టే పక్కనుంచి పోయింది. రెండోవైపు లోయ.

పల్లవి వణుకుతోంది గానీ దెబ్బ తగల్లేదు. వెనక్కి తిరిగి చూశాడు. హిమవతి మూతి ముందు సీటుకి కొట్టుకుంది. పెదవి చీలింది. ముందుపన్ను సగం విరిగింది. గౌను మీద రక్తం కారుతోంది.

జీపులోవాళ్ళు దిగి పరుగెత్తుకొచ్చారు. "భలే తిప్పారు సార్! లేకపోతే కారు లోయలోకే" అన్నారు. భానోజీరావుకి ఆ మాటలు వినపడలేదు. పిల్లని దింపి, జేబురుమాలు పెదవికి అద్ది "నొప్పిగా ఉందా తల్లీ?" అని అడిగాడు.

లేదన్నట్టు తలూపింది హిమవతి. తర్వాత ఆ చీలిన పెదవితోనే మెల్లగా అంది.

"అంకుల్, కాలిన వాసన నాకు ముందే వచ్చింది. చెబుదామనుకున్నాను. మీరు నన్ను కారెక్కించుకున్నారు కదా, కారు బాగులేదంటే ఏమైనా అనుకుంటారని ఊరుకున్నాను."

జీవితమంతా తాను గొప్ప గుణం అనుకున్నదాన్ని భానోజీరావు రక్తం కారుతున్న పసిపిల్ల నోట విన్నాడు. అక్కడే రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు.

జీపువాళ్ళే ముగ్గురినీ నర్సీపట్నం ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు హిమవతి పెదవికి కుట్లు వేశాడు. కనకం వచ్చి పల్లవిని ఒళ్ళోకి తీసుకుంది. కొంతసేపటికి సత్తిబాబు మార్కెట్ నుంచి పరుగున వచ్చాడు. గుమ్మంలోనే జీపువాళ్ళు జరిగింది చెప్పారు. అతను కూతుర్ని తడిమి చూసుకుని, భానోజీరావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, మీరు గాబట్టి నా పిల్ల దక్కింది. ఇంకోడైతే లోయలో పడేసేవోడు. మీ రుణం నేనెలా తీర్చుకోను!"

చుట్టూ ఉన్నవాళ్ళు భానోజీరావు వైపు గౌరవంగా చూస్తున్నారు. అతను అబద్ధం ఆడనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కూతుర్ని కాపాడాడని నమ్ముతున్న తండ్రి ముఖం చిన్నబోకుండా ఉంటుంది కూడా.

హిమవతి పెదవి మీద దూది వైపు చూశాడు.

"లేదు సత్తిబాబూ. నేను కాపాడలేదు. బ్రేకు బాగులేదని నాకు ముందే తెలుసు. తెలిసే మీ పిల్లని ఎక్కించుకున్నాను. కుదరదని చెప్పడానికి మొహమాటపడ్డాను."

సత్తిబాబు చేతులు వదిలేశాడు.

"తెలిసే ఎక్కించీసారా బాబూ?"

తిట్టినా బాగుండేది. పిల్లని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

భానోజీరావు తల దించుకుని నిలబడ్డాడు. కనకం దగ్గరికొచ్చింది. "ఇక్కడ చెప్పారు. ఇంక ఆ షోరూంలో కూడా చెప్పండి" అంది.

కారుని లారీ మీద ఎక్కించి అనకాపల్లి తీసుకెళ్ళాడు. కిరీటి చూసి నోరు వెళ్ళబెట్టాడు. అంతలోనే తేరుకున్నాడు.

"ఘాట్‌లో బ్రేకు మరీ ఎక్కువ తొక్కేసుంటారు సార్. మా తప్పేం లేదు. ఏ సమస్యా లేదని మీరే పదికి పది వేశారు కదా."

'పర్లేదు బాబూ' అన్న మాట అలవాటు కొద్దీ నాలిక చివరికి వచ్చేసింది. భానోజీరావు దాన్ని అక్కడే ఆపాడు.

"చక్రం నా కళ్ళ ముందు విప్పించు."

"షెడ్డులోకి కస్టమర్లు రాకూడదు సార్."

"అయితే ఇక్కడే, గేటు దగ్గరే విప్పించు. విప్పేదాకా నేను కదలను."

అద్దాల గదిలో కాఫీ తాగుతున్నవాళ్ళందరూ లేచి చూశారు. మేనేజరు బయటికొచ్చి, లోపల మాట్లాడుకుందాం రండి అన్నాడు. భానోజీరావు కదల్లేదు. చివరికి గేటు దగ్గరే చక్రం విప్పారు. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళేన్ని రెండువైపులా నొక్కి ఆపే ప్యాడ్లలో బయటివైపుది మందంగానే ఉంది. కిరీటి లైటు వేసి చూసింది దాన్నే. లోపలివైపు ప్యాడ్ అసలు లేదు. అది పూర్తిగా అరిగిపోయి, వెనకనున్న ఇనపరేకు ఆ పళ్ళేన్ని చాళ్ళుగా కోసేసింది. రెండు ప్యాడ్లనీ సమానంగా నొక్కించే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయిందట. దిగుడులో ఆ రాపిడి వేడికి బ్రేకు నూనె మరిగిపోయి పెడల్ నేల దాకా దిగిపోయిందట. చక్రం విప్పకపోతే ఆ సంగతి ఎవరికీ కనిపించదు.

కిరీటి ముఖం పాలిపోయింది. "సార్, ఆ రోజు చక్రం విప్పమని మీరొక్క మాట గట్టిగా అనుంటే..." అని గొణిగాడు.

"నేను అనకపోయినా విప్పడం నీ పని. నువ్వు విప్పకపోతే అడగడం నా పని. ఇద్దరం మర్యాదగా ఉన్నాం బాబూ. మధ్యలో ఒక పసిపిల్ల మూతి పగిలింది" అన్నాడు భానోజీరావు.

గ్యారంటీ కింద బ్రేకులన్నీ కొత్తవి వేశారు. ఈసారి భానోజీరావు కిరీటిని పక్కన కూర్చోబెట్టుకుని బైపాస్ రోడ్డంతా నడిపి చూపించాకే సంతకం పెట్టాడు. దిగేటప్పుడు కిరీటి "సార్, రేపు ఫోను..." అని మొదలుపెట్టి, తనే ఆగిపోయాడు.

ఫోను వచ్చింది. పదికి ఎన్ని అని అదే గొంతు తియ్యగా అడిగింది. భానోజీరావు ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"బ్రేకు ఇప్పుడు బాగుందమ్మా. కానీ కిందటిసారి నేను వేసిన పది అబద్ధం. అది కొట్టేసి సున్నా వేసుకో. ఎందుకో చెబుతాను, రాసుకో." మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. "ఆ కుర్రాణ్ణి మాత్రం తీసెయ్యకండి. చక్రం విప్పకుండా మార్కులు అడుక్కునే పద్ధతి ఉంది చూడు, దాన్ని తీసెయ్యండి" అన్నాడు.

కంపెనీవాళ్ళు ఆ మాట విన్నారో, వినలేదో అతనికి తెలియదు.

సెలవులు అయిపోవస్తున్నాయి. భానోజీరావు కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి సత్తిబాబు కొట్టు ముందు నిలబడ్డాడు. "బ్రేకు బాగుచేయించాను. నమ్మకం కుదరకపోతే ముందు మీరే ఎక్కి చూడండి. హిమవతిని కూడా నేను దింపి వస్తాను" అన్నాడు.

సత్తిబాబు వంకాయలు సర్దడం ఆపి, అతని కళ్ళలోకి సూటిగా చూశాడు.

"వొద్దు బాబూ. మా పిల్ల బస్సులో ఎల్తాది. మీ మీద కోపం లేదు. నాకు భయం."

భానోజీరావు ముఖం చిన్నబోయింది. ఇంటిదాకా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కానీ సత్తిబాబు చేసింది తప్పని అతనికి ఎంత వెతికినా అనిపించలేదు. గురుకులం ఆవరణలో తాను ఇంత సూటిగా ఒక్కసారి 'వద్దండి' అని ఉంటే ఆ పిల్ల పన్ను విరిగేది కాదు.

నీతి: మొహమాటానికి మింగేసిన నిజం మనల్ని నమ్మినవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరి ముఖం చిన్నబోయినా సరే, చెప్పవలసిన మాటని చెప్పవలసిన వేళకే చెప్పెయ్యాలి.